నాయన తుపాకి బాగు చేయించాలా, వద్దా?



ఈసారి పంట గురించి కాదు, మా ఇంట్లో ఉన్న ఒక పాత తుపాకి గురించి రాస్తున్నాను. దాన్ని బాగు చేయించాలా వద్దా అని ఆరు నెలలు కొట్టుమిట్టాడినాను. మొదట్లో ఇది ఒట్టి డబ్బు లెక్క అనుకున్నా. తర్వాత తెలిసింది, డబ్బు లెక్క అందులో చిన్న భాగమే అని. మీలో కూడా కొందరి ఇళ్ళల్లో తాతల నాటి తుపాకి ఉంటుంది. వాళ్ళకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నా. కొంచెం పొడుగు పోస్టు, ఓపికగా చదవండి.

మాది చిత్తూరు జిల్లాలో అడవి అంచు పల్లె. నాకున్నది మూడు ఎకరాల చిల్లర. వానాకాలం చెనక్కాయ వేస్తాం, బోరు కింద కొంచెం టమోటా. చెనక్కాయలో కాయ ఊరే టైముకి అడవిపందులు దిగుతాయి. ఒక్క రాత్రిలో మడకతో దున్నినట్టు చేసి పోతాయి. ఇది ఈ రోజు కథ కాదు, మా నాయన కాలంలోనూ ఇంతే. అందుకే ఆయన 1974లో పంట కావలికని లైసెన్సు తీసుకుని ఈ తుపాకి కొన్నాడు. మదనపల్లె వైపు ఒక పాత పెద్దింటి వాళ్ళు అమ్ముతుంటే, జత ఎద్దుల ధర పెట్టి తెచ్చాడని మా అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

జంట గొట్టాల తుపాకి. పన్నెండు బోరు. పన్నెండు బోరు అంటే చాలామంది పన్నెండు మిల్లీమీటర్లు అనుకుంటారు, అది కాదు. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లు చేస్తే, ఆ ఒక్కో గుండు పట్టేంత గొట్టం అని లెక్క. సుమారు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు వస్తుంది. దీనికి రెండు గుర్రాలు బయటికే కనపడతాయి, చేత్తో వెనక్కి లాగాలి. మడమ అక్రోటు కొయ్య. ఇంగ్లాండులో బర్మింగ్‌హామ్‌లో చేసింది. అది మాత్రం నాయన వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

ఒక్క మాట ముందే చెప్తా. నాయన దీంతో పందిని కొట్టింది నేను చూడలేదు. అడవిపంది కూడా 1972 వన్యప్రాణి చట్టం కిందికి వస్తుంది. అనుమతి లేకుండా చంపితే కేసే. ఆయన మంచె మీద కూర్చుని ఆకాశంలోకి ఒక దెబ్బ వేసేవాడు. ఆ చప్పుడుకి గుంపు అడవిలోకి దూరేది. ఆ రాత్రికి చేను దక్కేది.

నాయన 2015లో పోయినాడు. లైసెన్సు మనిషి పోతే తుపాకి ఇంట్లో పెట్టుకునే హక్కు ఇంకెవ్వరికీ ఉండదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం దగ్గరున్న పోలీస్ స్టేషన్లో గానీ, లైసెన్సున్న డీలరు దగ్గర గానీ జమ చేసెయ్యాలి. కర్మంతరం అయిన వారానికి నేనే పోయి స్టేషన్లో ఇచ్చి రసీదు తెచ్చుకున్నా. వారసుడిగా నాకు లైసెన్సు కావాలని అర్జీ కూడా అప్పుడే పెట్టినా. ఆ గడువులో పెట్టకుండా ఉంటే జప్తు చేసే అధికారం వాళ్ళకి ఉంది. అయితే తమ్ముడు, చెల్లెలు మాకు అభ్యంతరం లేదని రాసివ్వాలి. తమ్ముడు బెంగుళూరులో ఉంటాడు. ఏదో భూమి తగాదాలో మాటలు లేవు మా ఇద్దరికీ. ఆ కాగితం మీద సంతకం కావడానికి ఏడేళ్ళు పట్టింది. 2023లో లైసెన్సు నా పేరున వచ్చింది.

తుపాకి చేతికొచ్చిన రోజు చూసి గుండె జారింది. గొట్టాల నిండా తుప్పు. ఎడమ గుర్రం కదలదు. మడమ దగ్గర కొయ్య పగిలింది. తప్పు స్టేషన్ వాళ్ళదని అనను. జమ చేసేటప్పుడు అది వానాకాలం. గొట్టం లోపల నూనె రాయకుండా, తోలు సంచిలో పెట్టి అట్లే ఇచ్చేసింది నేను. తోలు తేమ పీలుస్తుంది. తుపాకిని ఎప్పుడూ తోలు సంచిలో నిలవ పెట్టకూడదంట. నాకు తెలిసేసరికి ఎనిమిదేళ్ళు అయిపోయింది.

మా ఊరి కమ్మరి మంచి పనోడు. మడక కర్రుకైనా కొడవలికైనా ఆయన చెయ్యి పడాల్సిందే. "ఈడ పెట్టిపో మామా, నేను చూస్తా" అన్నాడు. ఇవ్వలేదు. తుపాకి రిపేరు చేసేదానికి కూడా చట్టంలో లైసెన్సు ఉండాలి. అది లేనివాళ్ళ చేత చేయిస్తే ఆయనకీ ముప్పే, నాకూ ముప్పే. నా లైసెన్సు ఎంతవరకు చెల్లుతుందో చూసుకుని, దూరంగా పట్నంలో ఉన్న లైసెన్సు దుకాణానికి తీసుకుపోయినా. అక్కడ రిపేరు చేసేది డెబ్బై దాటిన పెద్దాయన. చేతులు మాత్రం వణకవు.

పైపైన చూసి ఆయన లెక్క రాసిచ్చాడు. తుప్పు తీసి గొట్టాలకు మళ్ళీ రంగు పట్టించడానికి తొమ్మిది వేలు. గొట్టాలు మూసినప్పుడు వదులుగా ఆడుతున్నాయి, పాత వాకిలి బందులు అరిగినట్టు. దాన్ని బిగించడానికి పన్నెండు వేలు. స్ప్రింగులు, పిన్నులు ఆరు వేలు. కొయ్య కొత్తది చెక్కాలంటే పదిహేను వేలు. మొత్తం నలభై రెండు వేలు.

ఆ నలభై రెండు వేలు నా దగ్గర లేక కాదు. టమోటా డబ్బు అంతే మిగిలింది. కానీ అదే డబ్బు మీద ఇంకో లెక్క ఉంది. చేను చుట్టూ సోలార్ కంచె వేయిస్తే, రాతి కూసాలు మావే కాబట్టి, తీగ, ప్యానెలు, బ్యాటరీ, కూలి కలిపి నలభై ఏడు వేలు చెప్పినారు. పోయిన సంవత్సరం అక్టోబరులో అరెకరం చెనక్కాయ పందుల పాలయింది. రెండూ చేసే స్తోమత నాకు లేదు. తుపాకా, కంచా?

ఇంట్లో తలా ఒక మాట. మా అబ్బోడు "నాయనా, ఈ కాలంలో తుపాకి ఎందుకు, ఎలక్షన్ వచ్చినప్పుడల్లా తీసుకుపోయి స్టేషన్లో పెట్టాలి, మళ్ళీ తెచ్చుకోవాలి" అన్నాడు. నిజమే. తమ్ముడు మాత్రం ఫోన్ చేసి, "అన్నా, ఇంగ్లీషు తుపాకి అంటే లక్ష దాకా పలుకుతుందంట. బాగు చేయించు, సగం ఖర్చు నేను పెట్టుకుంటా, అమ్మినప్పుడు చూసుకుందాం" అన్నాడు. ఏడేళ్ళ తర్వాత వాడు నాతో మాట్లాడిన మొదటి మంచి మాట అది. కాదనడానికి నోరు రాలేదు.

తమ్ముడు చెప్పింది ఊరికే కాదు. మన దేశంలో 1980ల మధ్య నుంచి మామూలు జనం బయట దేశాల తుపాకులు తెచ్చుకోవడం ఆపేశారు. అందుకని అంతకు ముందు వచ్చిన మంచి విదేశీ తుపాకులకు ఇక్కడ గిరాకీ ఉంది. ఆ ఆశ మీదే రెండోసారి దుకాణానికి పోయినా. అడ్వాన్సు కూడా జేబులో పెట్టుకుని పోయినా.

ఆ పెద్దాయన డబ్బు తీసుకోలేదు. "ముందు గొట్టాలు సరిగ్గా చూద్దాం, తర్వాత మాట్లాడదాం" అన్నాడు. మనం సంతలో ఎద్దుని కొనేటప్పుడు కొమ్ములకి రంగు చూసి కొనం కదా. పళ్ళు చూస్తాం, నడిపించి చూస్తాం. ఆయన చేసింది కూడా అదే. గొట్టాలు ఊడదీసి, ఒక వేలికి తగిలించి వేలాడదీసి, ఇంకో చేత్తో మెల్లగా తట్టాడు. రెండు గొట్టాలను కలిపిన అతుకు బాగుంటే గంట మోగినట్టు మోగుతుందంట. ఇది పగిలిన కుండలా పలికింది.

తర్వాత గొట్టం మీద వేలెడంత చోట తుప్పు నున్నగా తీశాడు. కింద ఒక నకాషీ కనపడింది. పగ్గం పేనినట్టు మెలికలు మెలికలుగా. నాకు భలే అందంగా అనిపించింది. ఆయన మొహం మాత్రం మారిపోయింది. "ఇది డమాస్కస్ గొట్టం సార్" అన్నాడు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత వరకు చెప్తా. పాతకాలంలో గొట్టాన్ని ఒకే ఉక్కు దిమ్మె తొలిచి చేసేవాళ్ళు కాదు. ఇనుప పట్టీలు, ఉక్కు పట్టీలు కలిపి కాల్చి, తాడులా మెలిపెట్టి, ఆ పట్టీని ఒక కడ్డీ చుట్టూ చుట్టి, సుత్తితో కొట్టి అతికేవాళ్ళు. అంటే గొట్టం పొడుగునా అతుకులే. అప్పట్లో వాడింది నల్లమందు, పొగ వచ్చేది. ఆ మందుకి ఆ గొట్టాలు చాలేవి. ఇప్పుడు దుకాణాల్లో దొరికే తూటాలన్నీ పొగలేని మందువి. వాటి ఒత్తిడి తీరు వేరు. దానికి తోడు నూరేళ్ళ తేమకి అతుకుల లోపల ఎక్కడ తుప్పు తిందో బయటికి కనపడదు.

గొట్టం అడుగున ముద్రలు చూపించాడు. కిరీటం కింద రెండు రాజదండాలు కత్తెర వేసినట్టు ఉన్నాయి. అది 1904కి ముందు బర్మింగ్‌హామ్‌లో పరీక్ష చేసి కొట్టిన ముద్ర. పొగలేని మందుకి పరీక్షించి ఉంటే నైట్రో ప్రూఫ్ అని ఉండాలి. భూతద్దం పెట్టి వెతికినా లేదు. ఇంకోటి, తూటా కూర్చునే గది రెండున్నర అంగుళాలది. ఇప్పటి తూటాలు ఎక్కువగా రెండు ముప్పావు అంగుళాలవి. పెడితే పడుతుంది, పట్టింది కదా అని సరిపోయినట్టు కాదు. పేలినప్పుడు తూటా మూతి విచ్చుకుని ముందున్న ఇరుకులో అడ్డం పడి ఒత్తిడి ఇంకా పెరుగుతుంది.

"మరి మా నాయన ముప్పై ఏళ్ళు దుకాణం తూటాలే వాడినాడే?" అన్నా.

"ఆయన అదృష్టం సార్" అన్నాడు. అంతే అన్నాడు.

నేను బెంచీ మీద కూలబడినా. తుపాకి కాల్చేటప్పుడు ఎడమ చెయ్యి ఎక్కడ పెడతామో తెలుసు కదా, గొట్టం కింద. ముప్పై ఏళ్ళు మా నాయన ఎడమ చెయ్యి అక్కడుంది.

ఆఖరున ఆయన గొట్టాలని కిటికీ వెలుతురు వైపు పట్టుకుని లోపలికి చూసి, నన్నూ చూడమన్నాడు. ఎడమ గొట్టంలో మూతికి జానెడు లోపల ఒక నల్లటి ఉంగరం లాంటి నీడ. బయట వేలితో తడిమితే సన్నగా ఉబ్బు తగిలింది. "మూతిలో ఏదో అడ్డం ఉండగా కాల్చినారు. మట్టో, గుడ్డో. అక్కడ గొట్టం సాగింది. పగలకపోవడమే గొప్ప" అన్నాడు.

నాకు అప్పుడు గుర్తొచ్చింది.

నాకు పన్నెండేళ్ళు ఉండగా, 1982 అనుకుంటా, చెనక్కాయ కావలికి నాయనతో పోయేవాణ్ణి. ఒకరోజు రాత్రి ఆయన మంచె ఎక్కుతా తుపాకి నా చేతికిచ్చి పట్టుకోమన్నాడు. బరువు ఆగలేక గెనిమ మీద మూతి కిందికి ఆనించి నిలబడినా. సాయంత్రం వాన పడింది, గెనిమ మెత్తగా ఉంది. తర్వాత పైకి అందించినా. నడిరాత్రి పందులొస్తే ఆయన కాల్చాడు. ఎప్పటి చప్పుడు కాదు అది. ఏదో పగిలినట్టు వచ్చింది. నాయన టార్చి వేసి తుపాకిని చాలాసేపు చూశాడు. నన్ను ఏమీ అనలేదు.

ఆ తర్వాత ఆయన ఎప్పుడూ కుడి గొట్టంలోనే తూటా వేసేవాడు. ఎడమది ఖాళీగా ఉంచేవాడు. అడిగితే "ఒక్క దెబ్బ చాల్లే, తూటా ఊరికే వస్తుందా" అనేవాడు. పిసినారితనం అనుకున్నా నలభై ఏళ్ళు. ఊళ్ళో చెప్పి నవ్వినాను కూడా.

మట్టి ఆ రాత్రే ఇరుక్కుందని నేను ఒట్టు వేసి చెప్పలేను. ఇంటికొచ్చి అమ్మని అడిగినా. ఆమెకి డెబ్బై ఎనిమిది, మోకాళ్ళు పోయినా జ్ఞాపకం పోలేదు. "ఆ రాత్రి తెల్లారుజామున వచ్చి నీళ్ళు అడిగినాడు. చెంబు పట్టుకోలేకపోయినాడు, చెయ్యి అట్లా వణికింది. పిల్లోణ్ణి ఇంక కావలికి పంపొద్దు అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలా" అంది. నన్ను కావలికి మాన్పించింది బడి చదువు కోసమని అనుకున్నా నేను. పిల్లోడి మీద తప్పు పడుతుందని ఆయన ఇంట్లో కూడా చెప్పలేదు.

ఇప్పుడు లెక్కకి వస్తా. పెద్దాయన రెండో లెక్క చెప్పాడు. నలభై రెండు వేలు పెట్టినా తుపాకి చూడ్డానికి బాగుంటుంది, కాల్చడానికి మాత్రం పనికిరాదు. పాత గొట్టాలు కోసేసి లోపల కొత్తవి దించే పద్ధతి ఉంది, అది తుపాకి విలువకి మించిన ఖర్చు. అమ్ముదామంటే, గిరాకీ ఉండేది ఉక్కు గొట్టం ఉండి గట్టిగా ఉన్నవాటికి. దీన్ని బాగు చేసినా ముప్పై వేలు దాటదు అన్నాడు. అన్నిటికీ మించి, తళతళలాడేలా చేసి అమ్మితే కొన్నవాడు ఏం చేస్తాడు? తూటా పెట్టి కాలుస్తాడు. ఆ చెయ్యి ఎవరిదైనా చెయ్యే కదా.

తమ్ముడికి ఫోన్ చేసి అన్నీ చెప్పినా. మట్టి సంగతి కూడా చెప్పినా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అన్నా, అయితే అమ్మొద్దులే" అన్నాడు. కంచెకి పది వేలు పంపినాడు. నేను అడగలేదు.

చివరికి చేసింది ఇది. తుప్పు ఇంకా ముదరకుండా ఆపించి, పగిలిన కొయ్య అతికించి, లోపలా బయటా నూనె పట్టించినా. నాలుగున్నర వేలు అయింది. రంగు వేయించలేదు, గుర్రం బిగించలేదు. లైసెన్సు నా పేరున ఉంది, తుపాకి తాళం వేసిన పెట్టెలో ఉంది. ఒక్క తూటా కూడా ఇంట్లో పెట్టలేదు. మిగిలిన డబ్బు, తమ్ముడు పంపింది కలిపి కంచె వేయించినా. ఈ సంవత్సరం పందులు రెండుసార్లు వచ్చినాయి. ఒకసారి తీగ తగిలి వెనక్కి పోయినాయి. ఇంకోసారి వంక పక్కన తీగ సాగి ఉంటే దాని కింద దూరి కొంచెం తిన్నాయి. అక్కడ ఇంకో వరస తీగ లాగాలి.

మీ ఇంట్లో ఇలాంటి పాత తుపాకి ఉంటే నా అనుభవం మీద నాలుగు మాటలు.

మొదట కాగితాలు చూసుకోండి. లైసెన్సు మనిషి పోయి ఉంటే, రిపేరు మాట తర్వాత, ముందు తుపాకి జమ చేసి రసీదు తీసుకోండి, వారసుడిగా అర్జీ పెట్టండి. కాలదు కదా, తుప్పు పట్టింది కదా అని అటక మీద దాచిపెట్టొద్దు. కాలకపోయినా చట్టానికి అది తుపాకే. 2019 సవరణ తర్వాత లైసెన్సు ఐదేళ్ళకి ఇస్తున్నారు, గడువు తేదీ గోడ మీద రాసి పెట్టుకోండి.

రెండోది, ఖర్చు అడిగే ముందు గొట్టం సంగతి అడగండి. కొయ్య పోతే కొత్తది చెక్కొచ్చు, స్ప్రింగు పోతే మార్చొచ్చు. గొట్టం పోతే తుపాకి లేనట్టే. మెలికల నకాషీ కనపడినా, లోపల గుంటలున్నా, ఉబ్బు తగిలినా, తట్టినప్పుడు మోగకపోయినా దాంట్లో ఇప్పటి తూటా వేయొద్దు. "మా తాత కాల్చినాడు, ఏమీ కాలేదు" అనే మాట నమ్మొద్దు. నేనూ అదే అన్నాను.

మూడోది, బాగు చేయించాక దాని ధర ఎంతో, దాంతో మీకున్న పని ఏంటో పక్కపక్కన రాసుకోండి. నా పని పందుల్ని తోలడం. ఆ పని కంచె చేస్తుంది. కంచె అంటే సోలార్ కంచె, లైను నుంచి తీసిన కరెంటు తీగ కాదు. దానికి తగిలి పందులే కాదు, మనుషులు కూడా పోతున్నారు. దయచేసి ఆ పని చేయొద్దు.

నాలుగోది, తుపాకి మూతిని నేలకి ఆనించొద్దు. పిల్లోళ్ళ చేతికి అసలే ఇవ్వొద్దు.

నెలకొకసారి పెట్టె తెరిచి గుడ్డతో నూనె రాస్తున్నా. ఎడమ గొట్టం మీద ఆ ఉబ్బు వేలికి తగులుతుంది. అక్కడ కొంచెం ఎక్కువసేపు రుద్దుతా.

ఉంటాను. కాయ ఊరే రోజులు, కావలి జాగ్రత్త.